కృతజ్ఞత ఆరాధన ఎలా అవుతుంది? కూడికలు, కోత పండుగ, సాక్ష్యాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పాస్టర్ని కాను. డెల్టాలో ఒక పల్లెటూరి సంఘంలో చాలా ఏళ్లుగా సండే స్కూల్ చెబుతున్న మనిషిని. పిల్లలు, వాళ్ల అమ్మలు, ఇంట్లో కూడిక (నలుగురినీ పిలిచి చేసే ప్రార్థన) పెట్టుకోవాలనుకునేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇవి. వాక్యాలు పాత తెలుగు బైబిల్ మాటల్లోనే రాశాను. మనలో చాలామందికి నోటికి వచ్చేవి అవే కదా.

దేవుడికి థ్యాంక్స్ చెప్పడం మర్యాద అనుకుంటాం. దాన్ని ఆరాధన అని ఎందుకంటారు?

50వ కీర్తన చదివితే తెలుస్తుంది. అందులో దేవుడు బలుల గురించి మాట్లాడుతూ, "వేయికొండలమీది పశువులన్నియు నావేగదా" అంటాడు. ఆకలేసినా నీతో చెప్పను అని కూడా అంటాడు. అంటే మన ఎద్దులు, మేకలు ఆయనకు అక్కర్లేదు. మరి కావలసిందేమిటి? "స్తుతియాగము అర్పించువాడు నన్ను మహిమ పరచుచున్నాడు" అన్న మాటతో ఆ కీర్తన ముగింపుకి వస్తుంది. యాగం అన్న మాట ఊరికే వాడలేదు. హీబ్రూలో "తోదా" అంటే కృతజ్ఞత. దేవాలయంలో అర్పించే కృతజ్ఞతార్పణ పేరు కూడా అదే. ఈరోజు ఇజ్రాయెల్‌లో కొట్టువాడు చిల్లర ఇస్తే అనే మాటా అదే.

మన తెలుగు మాటలోనూ ఒక సంగతి ఉంది. కృతం అంటే చేసినది, జ్ఞత అంటే ఎరిగి ఉండటం. అంటే చేసిన మేలును ఎరిగి ఉండటమే కృతజ్ఞత. 103వ కీర్తన "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అంటుంది. సంతోషంగా ఉండు అనలేదు, మరువకుము అంది. నేను పిల్లలకు చెప్పేది కూడా ఇదే: ఇది ముందు జ్ఞాపకంతో చేసే పని, మనసు పొంగడం దాని తర్వాత.

స్తుతికి, కృతజ్ఞతకు తేడా ఉందా?

ఉంది కానీ చిన్నది. ఆయన ఎలాంటివాడో చెబితే స్తుతి, నాకేం చేశాడో చెబితే కృతజ్ఞత. కీర్తనల్లో రెండూ కలగలిసే ఉంటాయి. 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అన్నది 26 సార్లు వస్తుంది. ఒక పక్క సృష్టి, ఒక పక్క ఐగుప్తు (ఈజిప్టు) నుంచి విడుదల, చివర్లో అన్నం పెట్టడం కూడా ఉంటాయి. గీత గీసి విడదీయాలని టెన్షన్ పడకండి.

ఇంట్లో పెట్టుకునే కృతజ్ఞతా కూడికకు బైబిల్ ఆధారం ఉందా? భోజనాల కోసమే కదా అని కొందరు వెక్కిరిస్తారు.

ఆధారం ఉంది, అదీ భోజనాల దగ్గరే ఉంది!

లేవీయకాండం 7వ అధ్యాయంలో కృతజ్ఞతార్పణ పద్ధతి చెప్పారు. సమాధానబలిగా ఒక పశువును తెస్తారు. దానితో నూనె కలిపిన పొంగని రొట్టెలు, అప్పడాలు, వాటితో పాటు పొంగిన రొట్టెలు కూడా తేవాలి. యాజకుడి భాగం పోగా, మిగిలిన మాంసం తెచ్చినవాడు తినొచ్చు. కానీ ఒక షరతు ఉంది. అదే రోజు తినెయ్యాలి, తెల్లారేదాకా ఏమీ మిగలకూడదు. మామూలు మొక్కుబడి బలికి రెండో రోజు కూడా తినొచ్చన్న సడలింపు ఉంది. కృతజ్ఞతార్పణకు లేదు.

ఇప్పుడు లెక్క వేసుకోండి. ఒక పొట్టేలును, అన్ని రొట్టెలను ఒక్క కుటుంబం ఒక్క పూటలో తినగలదా? ఇరుగుపొరుగును పిలవక తప్పదు. పిలిచాక వాళ్లు ఊరుకుంటారా? "ఏంటి విశేషం?" అని అడుగుతారు. అప్పుడు చెప్పాలి, జబ్బు చేసిందనో, ప్రయాణంలో ప్రాణం మీదికి వచ్చిందనో, దేవుడు గట్టెక్కించాడనో. ఆ నియమం ఎందుకు పెట్టారో అక్కడ రాయలేదు. కానీ దాని ఫలితం మాత్రం ఇదే. చెప్పడం, పిలవడం, పంచుకుని తినడం మూడూ ఒకే ఆరాధనలో ముడిపడి ఉన్నాయి.

కాబట్టి మన ఇళ్ల ముందు టెంటు వేసి, పాటలు పాడి, వాక్యం చెప్పించి, తర్వాత వడ్డించే భోజనం ఆరాధన అయిపోయాక పెట్టే ఫలహారం కాదు. అది ఆరాధనలో భాగమే. కొత్త ఇల్లు, ఉద్యోగం, బిడ్డ పుట్టడం, ఆపరేషన్ సక్రమంగా జరగడం, ఏ సందర్భమైనా సరే.

మాకు అంత స్తోమత లేదు. అప్పు చేసి కూడిక పెట్టాలా?

వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. పక్కింటివాళ్లు చికెన్ బిర్యానీ పెట్టారు కాబట్టి మనం మటన్ పెట్టాలన్న పోటీ వల్ల మా దగ్గర కొన్ని కుటుంబాలు నెలనెలా వడ్డీ కట్టుకున్నాయి. దేవుడు ఆకలి గురించి ఏమన్నాడో పైన చూశాం కదా. టీ, బిస్కెట్లు, రెండు పాటలు, ఒక సాక్ష్యం (దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పడం) చాలు. సంఘంలోనే ఆదివారం నిలబడి చెప్పినా చాలు.

సాక్ష్యం ఎలా చెప్పాలి? నాకు మైకు పట్టుకుంటే మాట రాదు.

జరిగింది జరిగినట్టు చెప్పండి. "దేవుడు నన్ను ఎంతగానో దీవించాడు, మేలులతో నింపాడు" అని పది నిమిషాలు చెప్పినా వినేవాళ్లకు ఏమీ గుర్తుండదు. "మా పాపకు ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు రాత్రి రెండింటికి రక్తం దొరికింది, దేవుడికి స్తోత్రం" అంటే అందరికీ గుర్తుంటుంది. ద్వితీయోపదేశకాండం 26లో ప్రథమ ఫలాలు తెచ్చే రైతుకు ఏం చెప్పాలో నేర్పారు. గంప ముందు పెట్టి, మా తండ్రి నశించుచున్న అరామీ దేశస్థుడు అని మొదలుపెట్టి, ఐగుప్తుకు పోవడం, అక్కడి బానిసత్వం, విడుదల, చివరికి ఈ పంట, ఇలా వరసగా చెప్పాలి. గొప్పలేవీ లేవు. ఒకప్పుడు మాకు ఏమీ లేదు అన్న దగ్గర్నుంచి మొదలు.

ఒక్క జాగ్రత్త. లూకా 18లో పరిసయ్యుడు (తన భక్తి చూసుకుని మురిసిన మతనిష్ఠాపరుడు) చేసింది కూడా కృతజ్ఞతా ప్రార్థనే, మర్చిపోకండి. ఇతర మనుష్యులవలె, ఈ సుంకరివలె (పన్నులు వసూలు చేసేవాడిలా) ఉండనందుకు నీకు కృతజ్ఞతాస్తుతులు అన్నాడు. మన సాక్ష్యాల్లో అది ఇంకో వేషంలో వస్తుంది. "మా బ్యాచ్‌లో అందరూ ఫెయిల్, నేనొక్కడినే పాస్, హల్లెలూయ!" ఆ ఫెయిలైన పిల్లవాడు వెనక చాప మీద కూర్చుని ఉంటాడు.

కోత పండుగ ఎక్కడి నుంచి వచ్చింది? అది సంక్రాంతికి క్రైస్తవ నకలా?

కాదు, కానీ కాలం దగ్గరదే కాబట్టి అలా అనిపిస్తుంది. సార్వా కోతలు, నూర్పిళ్లు అయ్యాక ఇంట్లో గింజలుంటాయి, చేతిలో నాలుగు డబ్బులుంటాయి. పండుగ చేసుకోవడానికి ఏ మతంవాళ్లకైనా వీలైన రోజులు అవే.

మూలం రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి బైబిల్లోని ప్రథమ ఫలాల పండుగ, వారాల పండుగ. రెండోది మిషనరీలతో వచ్చిన పద్ధతి. ఇంగ్లండ్‌లో కోతలయ్యాక సంబరాలు ఎప్పటినుంచో ఉన్నా, గుడిని పంటలతో అలంకరించి ప్రత్యేక ఆరాధన చేసే ఇప్పటి పద్ధతిని 1843లో కార్న్‌వాల్ ప్రాంతంలోని మార్వెన్‌స్టోలో రాబర్ట్ హాకర్ అనే పాదిరి మొదలుపెట్టాడని చెబుతారు. తమాషా ఏమిటంటే, దానికి ఏడాది ముందే, 1842లో, లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరు వచ్చేశాడు. అక్కడి పద్ధతి ఇక్కడికి చేరడానికి దారి అప్పటికే పడుతోందన్నమాట.

అయితే ఇక్కడికొచ్చాక దాని అర్థం మారింది, నాకు ఇష్టమైన సంగతి అదే. ఇంగ్లండ్ పల్లెలో రైతు తన పొలం పంట తెచ్చాడు. మన తెలుగు సంఘాల్లో మొదటి తరాల విశ్వాసుల్లో ఎక్కువమందికి సెంటు భూమి లేదు. కోత కోసింది వాళ్లే, కుప్ప నూర్చింది వాళ్లే, కానీ పొలం ఇంకొకరిది. గుడికి తెచ్చిన ధాన్యం కూలిగా కొలిచిచ్చిన గింజలు, కొన్నిసార్లు కోత తర్వాత చేలో రాలి మిగిలిన పరిగె ఏరుకున్న గింజలు. మా అమ్మమ్మ పరిగె ఏరిన వడ్లను విడిగా చిన్న మూట కట్టేది, అవి కోత పండుగకే. భూమి లేనివాళ్ల పంట పండుగ ఇది.

లేవీయకాండం 23 చూడండి. పండుగల జాబితా మధ్యలో, వారాల పండుగ చెప్పిన వెంటనే, పొలం అంచుల దాకా కోయొద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకు, పరదేశులకు విడిచిపెట్టమని ఒక వచనం ఉంటుంది. పైపైన చదివితే అది తప్పిపోయి అక్కడికి వచ్చినట్టుంటుంది. కానీ పంటకు కృతజ్ఞత చెప్పడం, కూలివాడికి గింజ వదలడం ఆ గ్రంథానికి వేర్వేరు విషయాలు కావు. సంఘంలో భూమి ఉన్నవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కోత పండుగకు బస్తా తెచ్చి, కూలి బాకీ ఉంచేవాళ్లూ ఉన్నారు. మీకు తెలిసే ఉంటుంది.

మరి కోత పండుగ రోజు కానుకగా వచ్చిన వస్తువులకు పెట్టే వేలంపాట తప్పు కాదా? గుడిని సంత చేసినట్టు ఉంటుంది.

మా ఊళ్లో గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరుకు గడలు, కొబ్బరికాయలు, గుడ్లు, కాళ్లు కట్టేసిన నాటుకోళ్లు అన్నీ వస్తాయి. ఆరాధన అయ్యాక పందిట్లో పాట మొదలవుతుంది. ఒకటోసారి, రెండోసారి అంటుంటే పిల్లలకు క్రిస్మస్ కన్నా ఎక్కువ సంబరం. ఒక ఏడాది ఒక కోడిపుంజును పాడుకున్నాయన మళ్లీ కానుకగా ఇచ్చేశాడు, రెండో ఆయనా అంతే. మూడుసార్లు అమ్ముడైనా అది సాయంత్రానికి గుడి ఆవరణలోనే కూస్తూ ఉంది.

పాడైపోయే వస్తువులను డబ్బుగా మార్చుకోవడానికి ఇది తేలికైన దారి, అంతవరకు తప్పేమీ లేదు. డబ్బున్నవాళ్లు మీసాలు మెలేసుకునే పోటీగా మారితేనూ, లేనివాళ్లు తెచ్చిన రెండు నిమ్మకాయలను పక్కన పడేస్తేనూ తప్పు. మా పాత అయ్యగారు (పాస్టర్) ఒకాయన ముందు చిన్న వస్తువులనే పాటకు పెట్టేవారు. నాలుగు గుడ్లు తెచ్చిన ముసలమ్మ పేరు మైకులో మొదట వినపడేది.

కృతజ్ఞత అంటే మొక్కు తీర్చుకోవడమేనా?

మొక్కులో ముందు మాట ఇచ్చి తర్వాత చెల్లిస్తాం. కృతజ్ఞతకు ముందు ఒప్పందం ఉండదు. బైబిల్లో రెండూ ఉన్నాయి. హన్నా బిడ్డ కోసం మొక్కుకుంది, పుట్టిన సమూయేలును తెచ్చి దేవుడికి అప్పగించింది. 116వ కీర్తన రాసినాయన ప్రజలందరి ఎదుట మొక్కుబళ్లు చెల్లిస్తానన్నాడు. మొక్కి ఎగ్గొట్టడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5వ అధ్యాయం హెచ్చరించింది.

మన నేలలో మొక్కు చాలా లోతుగా ఉంది. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే మేరీమాత ఉత్సవాల్లో తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయలు తెచ్చేవాళ్లు కనిపిస్తారు, వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లూ ఎందరో. ప్రొటెస్టెంట్ సంఘాలవాళ్లు దీన్ని ఒప్పుకోరు. ఆ వాదనలోకి నేను వెళ్లను. ఒకటి మాత్రం చెబుతాను. "నువ్వు ఇది చేస్తే నేను అది చేస్తా" అన్న బేరం మనసులో ఉంటే, తలనీలాలు ఇచ్చినా, కూడిక పెట్టినా, టీవీ ప్రసంగీకుడికి ఫోన్‌లో డబ్బు పంపినా తేడా ఏమీ లేదు.

కష్టంలో ఉన్నవాళ్లను కూడా "స్తోత్రం చెప్పు" అంటారు. చావుకీ, నష్టానికీ థ్యాంక్స్ ఎలా చెబుతాం?

ఈ ప్రశ్న నాది కూడా. మా నాన్న పోయిన రోజు శవం ఇంకా ఇంట్లో ఉండగానే ఒక పెద్దమనిషి మా అమ్మ చెయ్యి పట్టుకుని, "ఏడవకూడదమ్మా, స్తోత్రం చెప్పాలి" అన్నాడు. అమ్మ చెప్పింది. నాకు ఆ మాట మీద ఇప్పటికీ కోపం ఉంది.

వాక్యం చూద్దాం. 1 థెస్సలొనీకయులకు 5:18లో ఉన్నది "ప్రతివిషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి" అని. ప్రతి విషయంలోనూ అని అర్థం, ప్రతి విషయానికీ అని కాదు. అయితే ఎఫెసీయులకు 5:20లో "సమస్తమునుగూర్చి" అని కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడితే మోసం అవుతుంది. నా మటుకు నేను దాన్ని చెడుగును మెచ్చుకోమన్న ఆజ్ఞగా చదవను. ఈ పత్రికలు రాసిన అపొస్తలుడైన పౌలే రోమీయులకు రాస్తూ చెడ్డదాన్ని అసహ్యించుకోమన్నాడు.

పౌలు చేసిన పని చూస్తే ఇంకా తేలికగా అర్థమవుతుంది. అపొస్తలుల కార్యములు 27లో తుఫానులో ఓడ, అందులో 276 మంది, పద్నాలుగు రోజులుగా తిండి లేదు. పౌలు రొట్టె పట్టుకుని, అందరి ఎదుట దేవుడికి కృతజ్ఞత చెప్పి, విరిచి తిన్నాడు. అది చూసి మిగతావాళ్లూ ధైర్యం తెచ్చుకుని తిన్నారు. తుఫానుకు థ్యాంక్స్ చెప్పలేదు, చేతిలో ఉన్న రొట్టెకు చెప్పాడు. ఆ తర్వాత ఓడ పగిలిపోయింది కూడా.

యేసు తన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర చేసిందీ వరస తప్పకుండా చదవాలి. యోహాను 11లో 35వ వచనంలో కన్నీళ్లు విడిచాడు. 41లో "తండ్రీ" అని పైకి చూసి కృతజ్ఞత చెప్పాడు. ముందు ఏడుపు. దేవుని కుమారుడికే ఏడ్చే తీరిక ఉంటే మా అమ్మకు ఎందుకు ఉండకూడదు? 88వ కీర్తన అయితే కృతజ్ఞత దాకా రానే రాదు, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. దాన్ని కూడా ఆరాధన పుస్తకంలోనే ఉంచారు.

పంట పోయిన ఏడాది కోత పండుగ చేయాలా అని కూడా అడుగుతారు. తుఫానుకు చేలు పడిపోయిన ఒక సంవత్సరం మా దగ్గర పందిరి వేయలేదు, వేలంపాట పెట్టలేదు. హబక్కూకు 3వ అధ్యాయం, "అంజూరపు చెట్లు పూయకుండినను" అన్న భాగం చదివి, ప్రార్థన చేసి, ఉన్నవాళ్లు లేనివాళ్లకు బియ్యం ఇచ్చారు. గంట కూడా పట్టలేదు.

మనసులో ఏమీ అనిపించకుండా నోటితో చెబితే వేషధారణ కాదా?

లేనిది ఉన్నట్టు నటిస్తే వేషధారణ. అనిపించకపోయినా నిజం చెబితే కాదు. అన్నం దొరికింది అన్నది నిజం, మీకు ఆ క్షణంలో ఎలా అనిపిస్తున్నా సరే. అయితే నెలల తరబడి ఏదీ అనిపించకుండా, నిద్ర పట్టకుండా, బతకాలనిపించకుండా ఉంటే అది కృతజ్ఞత కొరవడటం కాదు, జబ్బు కావచ్చు. డాక్టర్‌కు చూపించుకోండి. "నీలో విశ్వాసం తక్కువ" అనేవాళ్ల మాట వినకండి.

బాగుచేసింది దేవుడే అంటూ డాక్టర్‌కు థ్యాంక్స్ చెబితే దేవుని మహిమ తగ్గుతుందా?

తగ్గదు. రోమీయులకు 16లో ప్రిస్క, అకుల తన ప్రాణం కోసం తమ ప్రాణాన్ని పణంగా పెట్టారని పౌలు రాశాడు. తానే కాక అన్యజనుల సంఘాలన్నీ వాళ్లకు కృతజ్ఞులని పేర్లు పెట్టి మరీ రాశాడు. నర్సుకు, ఆటో డ్రైవర్‌కు, రక్తం ఇచ్చిన కుర్రాడికి చెప్పండి. సాక్ష్యంలో వాళ్లనూ ప్రస్తావించండి.

ప్రభువు బల్లకు, కృతజ్ఞతకు సంబంధం ఏమిటి?

ప్రభువు బల్ల అంటే యేసును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికీ కృతజ్ఞతకూ చాలా దగ్గరి సంబంధం. దానికి క్యాథలిక్కులు, ఆంగ్లికన్లు వాడే "యూకరిస్ట్" అనే పేరుకు గ్రీకులో అర్థమే కృతజ్ఞతార్పణ. యేసు రొట్టె తీసుకుని ముందు కృతజ్ఞతాస్తుతులు చెల్లించాడు, తర్వాతే విరిచాడు. తొలి సంఘపు రోజుల్లో రాసిన దిదాఖే అనే చిన్న గ్రంథంలో గిన్నె మీద, రొట్టె మీద చెప్పాల్సిన కృతజ్ఞతా ప్రార్థనలు ఇప్పటికీ చదువుకోవచ్చు. మన దగ్గర బల్ల ఆదివారం అంటే పాపాలు తలుచుకుని భయపడే రోజుగా మిగిలిపోయింది. పరీక్షించుకోవడం అవసరమే, కానీ బల్ల దగ్గర ఒక్క మొహమైనా విప్పారకపోతే ఎక్కడో పొరపాటు చేస్తున్నాం.

కృతజ్ఞత కానుక ఎంత ఇవ్వాలి?

దానికి లెక్క లేదు. "సణుగుకొనకయు బలవంతముగా కాకయు" అని 2 కొరింథీయులకు 9:7 చెబుతుంది. మీకు ఫలానా మేలు జరిగింది కాబట్టి ఇంత ఇవ్వాలని ఎవరైనా అంకె చెబితే, వందనాలు చెప్పి ఇంటికి రండి.

రోజూ చేయడానికి ఏదైనా తేలికైన పద్ధతి ఉందా?

మా సండే స్కూల్లో పనిచేసింది చెబుతాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగిన ఒక్క మేలు, ఒక్కటే, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయాలి. "అన్నిటికీ" అని రాస్తే మార్కులు లేవు. ఒక పిల్లవాడు "ఈరోజు లెక్కల సారు రాలేదు" అని రాశాడు. ఒప్పుకున్నాను.

పెద్దవాళ్లకు గుప్పెడు బియ్యం పద్ధతి చెబుతాను. అన్నం వండేటప్పుడు ఎసట్లో పోసే బియ్యం నుంచి ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేయడం, వారానికోసారి సంఘానికో, లేనివాళ్లకో ఇవ్వడం. మన తెలుగు సంఘాల్లో స్త్రీల సమాజాలు ఎప్పటినుంచో చేస్తున్నదే. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910లో మొదలుపెట్టి ఇప్పటికీ దాంతోనే సంఘపు పనులు ఎన్నో నడుపుతున్నారు.

డిసెంబర్ 31 రాత్రి కూడికను కూడా వాడుకోండి. ఆ రాత్రి కొత్త ఏడాదికి ఒక వాక్యం రాసి ఇచ్చే వాగ్దానం కార్డు కోసం ఉండే లైను, గడిచిన ఏడాది మేలులు చెప్పడానికి ఉండదు. నిరుడు తీసుకున్న కార్డు ఎక్కడుందో కూడా చాలామందికి గుర్తుండదు.

అమెరికాలో ఉంటున్నాం. అక్కడి థ్యాంక్స్ గివింగ్ రోజున ఆరాధన పెట్టుకోవచ్చా?

నిక్షేపంగా. అది ప్రభుత్వ సెలవు. 1863లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, అధ్యక్షుడు లింకన్ దాని గురించి ప్రకటన చేశాడు. నవంబర్ నాలుగో గురువారం అని 1941లో చట్టం వచ్చింది. చర్చి పండుగ కాదు కాబట్టి చేయకపోయినా దోషం లేదు. సెలవు దొరికింది కాబట్టి అక్కడి తెలుగు సంఘాలవాళ్లు చాలామంది ఆ వారంలోనే కూడుకుంటారు. టర్కీ కోడి బదులు పులిహోర పెట్టినా ఎవరూ ఏమీ అనరు.

మా ఇంట్లో నేనొక్కదాన్నే విశ్వాసిని. కూడిక పెట్టుకోవడానికి మా అత్తగారు ఒప్పుకోరు. ఏం చేయాలి?

గొడవ పెట్టుకోవద్దు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే వెనక్కి తిరిగి వచ్చింది ఒక్కడే, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. వాడికి పందిరి లేదు, మైకు లేదు, వెంట ఎవరూ లేరు. గట్టిగా దేవుణ్ణి మహిమపరుస్తూ వచ్చి కాళ్ల మీద పడ్డాడు, అంతే. "ఆ తొమ్మండుగురు ఎక్కడ?" అని యేసు అడిగాడు గానీ నీ వెంట ఎవరినీ తేలేదేం అని వాణ్ణి అడగలేదు.

మీకు మేలు జరిగిన రోజున పాయసం చేసి ముందు మీ అత్తగారికే పెట్టండి. "ఏంటమ్మా విశేషం?" అని ఆవిడే అడుగుతారు.